రాశి కాదు, వాసి

కూరగాయలు తరిగేటప్పుడు కత్తిపీట వేలికి తగులుతుంది. పెన్సిలు చెక్కేటప్పుడు బ్లేడు గీసుకుంటుంది. చెప్పులు లేకుండా నడిచేవాని పాదంలో గాజుపెంకు దిగుతుంది. రక్తం చిమ్ముతుంది. శుభ్రమైన గుడ్డతో నాలుగైదు నిమిషాలు అదిమిపట్టగానే ఆగిపోతుంది. నిత్యజీవితంలో ఇంత సామాన్యంగా కనిపించే ఈ సంఘటన వెనుక ప్రకృతి ఎంతో సంక్లిష్టమైన ఏర్పాటు చేసి ఉంచింది. రక్తనాళాలలో ఉన్నంతవరకు రక్తం గడ్డకట్టకుండా ప్రవహించాలి. నాళం తెగిన చోట మాత్రం వెనువెంటనే గడ్డకట్టాలి. పరస్పర విరుద్ధాలైన ఈ రెండు ధర్మాలనూ రక్తం ఏకకాలంలో నిర్వర్తించవలసి ఉంటుంది. మొదటి ధర్మం తప్పితే గుండెపోటు, పక్షవాతం వంటి ఆపదలు కలుగుతాయి. రెండవ ధర్మం తప్పితే చిన్న గాయం కూడా పెద్ద రక్తస్రావానికి దారితీస్తుంది.

తెగిన నాళం వద్దకు మొట్టమొదట చేరుకొని రక్తానికి అడ్డుకట్ట వేసేవి రక్తఫలకికలు. వీటినే వ్యవహారంలో ప్లేట్‌లెట్లు అంటారు. ఇవి ఎముకల మజ్జలో ఉండే మెగాకార్యోసైట్లు అనే పెద్ద కణాల నుండి తునకలుగా విడివడి రక్తంలో చేరుతాయి. వీటికి కేంద్రకం ఉండదు. వీటి వ్యాసం రెండు లేక మూడు మైక్రాన్లు మాత్రమే. ఆయుష్షు ఏడు నుండి పది రోజులు. ఆరోగ్యవంతుని రక్తంలో ఒక ఘనపు మిల్లీమీటరుకు లక్షా యాభై వేల నుండి నాలుగు లక్షల యాభై వేల వరకు ఫలకికలు ఉంటాయి. రక్తకణాలలో ఇవే మిక్కిలి చిన్నవి. అందువల్ల ఎర్రకణాలను గుర్తించిన తరువాత కూడా చాలాకాలం పాటు వీటి ప్రాముఖ్యాన్ని ఎవరూ గ్రహించలేదు. ఇటలీలోని ట్యూరిన్ నగరానికి చెందిన జూలియో బిజోజెరో అనే శాస్త్రవేత్త 1882వ సంవత్సరంలో వీటిని సూక్ష్మదర్శిని కింద పరిశీలించారు. గాయపడిన నాళపు గోడకు ఇవి అంటుకొని పోగుపడుతున్నాయని, రక్తస్రావాన్ని ఆపడంలో వీటికి ముఖ్యమైన పాత్ర ఉన్నదని వెల్లడించారు.

డెంగీ జ్వరాల కారణంగా ప్లేట్‌లెట్ అనే మాట నేడు పల్లెపల్లెకూ తెలిసింది. జ్వరం వచ్చినవారి ఇంట్లో "ప్లేట్‌లెట్లు ఎన్ని ఉన్నాయి?" అన్నదే మొదటి ప్రశ్న అయింది. సంఖ్య తగ్గితే భయం, పెరిగితే ధైర్యం. ఈ ప్రశ్న సమంజసమైనదే. కాని దీని వెంట ఒక అపోహ కూడా స్థిరపడింది. ఫలకికల సంఖ్య సరిగా ఉంటే రక్తం ఆగే శక్తి కూడా సరిగానే ఉన్నట్లు చాలామంది భావిస్తారు. ఊరి చెరువుకు గండి పడినప్పుడు గట్టు మీద ఎందరు నిలబడ్డారన్నది ఒక లెక్క. వారిలో ఎందరు పార పట్టి మట్టి వేయగలరన్నది మరొక లెక్క. మొదటిది రాశి, రెండవది వాసి. ఫలకికల విషయంలోనూ ఈ భేదాన్ని గుర్తించడం అత్యవసరం. ఫలకికలు తగినన్ని ఉండి కూడా తమ పని తాము చేయలేకపోవచ్చు. ఆ లోపాన్ని కనిపెట్టడానికి వైద్యశాస్త్రానికి కొన్ని దశాబ్దాలు పట్టింది.

ఈ భేదాన్ని లోకానికి స్పష్టం చేసిన గాథలలో ఒకటి ఫిన్లాండ్ దేశంలో జరిగింది. స్వీడన్, ఫిన్లాండ్ దేశాల నడుమ బాల్టిక్ సముద్రంలో ఆలాండ్ ద్వీపాలు ఉన్నాయి. అక్కడి ఒక కుటుంబానికి చెందిన ఐదేండ్ల బాలికను 1924వ సంవత్సరంలో ఎరిక్ వాన్ విల్లిబ్రాండ్ అనే వైద్యుడు పరీక్షించారు. ఆ బాలికకు తరచుగా రక్తస్రావం జరిగేది. ఆమె తోబుట్టువులలో కొందరు పసితనంలోనే రక్తస్రావంతో మరణించారు. అప్పటికి తెలిసిన హీమోఫిలియా వ్యాధి ప్రధానంగా మగవారికి వచ్చేది. ఈ కుటుంబంలో మాత్రం స్త్రీలు, పురుషులు ఇరువురూ బాధపడుతున్నారు. ఆశ్చర్యకరమైన విషయం మరొకటి ఉంది. రక్తంలో ఫలకికల సంఖ్య సరిగానే ఉంది. అయినా చర్మంపై చిన్న గాటు పెడితే రక్తం ఆగడానికి చాలా ఎక్కువ సమయం పట్టింది. ఈ పరిశీలనలను ఆయన 1926లో ప్రచురించారు. ఆ బాలిక కౌమారదశలో ఋతుస్రావ సమయంలో అధిక రక్తస్రావం వల్ల మరణించింది.

ఆ కుటుంబంలో ఫలకికల పనితీరే దెబ్బతిన్నదని వాన్ విల్లిబ్రాండ్ ఊహించారు. ఫలకికలను గాయానికి అతికించే ఒక ప్రోటీన్ ప్లాస్మాలో లోపించడమే అసలు కారణమని 1950వ దశకంలో స్వీడన్ శాస్త్రవేత్తల కృషి వల్ల తేలింది. ఆ ప్రోటీన్‌కు ఆ వైద్యుని పేరే పెట్టారు. వంశపారంపర్యంగా వచ్చే రక్తస్రావ వ్యాధులన్నింటిలోను ఈ వాన్ విల్లిబ్రాండ్ వ్యాధియే సర్వసాధారణమైనది. ఈ గాథకు ముందే, 1918లో, స్విట్జర్లాండ్‌కు చెందిన శిశువైద్యుడు ఎడ్వర్డ్ గ్లాంజ్‌మన్ మరొక వ్యాధిని వర్ణించారు. అందులో ఫలకికలు తగినన్ని ఉంటాయి గాని ఒకదానితో ఒకటి కలవలేవు. 1948లో ఫ్రాన్స్ వైద్యులు జాన్ బెర్నార్డ్, జాన్ పియెర్ సూలియే మూడవ వ్యాధిని వెలుగులోకి తెచ్చారు. అందులో ఫలకికలు సంఖ్యలో తక్కువగా, పరిమాణంలో అసాధారణంగా పెద్దవిగా ఉంటాయి.

ఈ వ్యాధులను అర్థం చేసుకోవాలంటే ఫలకికలు పనిచేసే విధానాన్ని తెలుసుకోవాలి. ఆ పని మూడు అంచెలలో జరుగుతుంది. మొదటి అంచె అంటుకోవడం. నాళపు గోడ చిరిగినప్పుడు దాని అడుగున ఉండే కొల్లాజెన్ అనే పీచువంటి పదార్థం బయటపడుతుంది. వాన్ విల్లిబ్రాండ్ ప్రోటీన్ దానికి అంటుకుంటుంది. వేగంగా ప్రవహించే రక్తంలోని ఫలకికలను అది పట్టి నిలుపుతుంది. రెండవ అంచె మేల్కోవడం. అంటుకున్న ఫలకిక తన బిళ్ళవంటి ఆకారాన్ని వదలి ముళ్ళబంతివలె మారుతుంది. తన లోపలి చిన్న తిత్తులలో దాచుకున్న ఏడీపీ, సెరోటోనిన్, కాల్షియం వంటి పదార్థాలను వెలుపలికి విడుదల చేస్తుంది. థ్రాంబాక్సేన్ అనే రసాయనాన్ని తయారుచేస్తుంది. ఇవన్నీ పరుగున వచ్చే ఇతర ఫలకికలకు పిలుపులవంటివి. మూడవ అంచె గుమిగూడడం. మేల్కొన్న ఫలకికల ఉపరితలంపై ఉండే గ్రాహకాలు ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. దాని రెండు కొనలనూ రెండు ఫలకికలు పట్టుకోవడంతో అవి గొలుసులవలె ముడిపడి గాయాన్ని మూసివేస్తాయి. తరువాత ప్లాస్మాలోని గడ్డకట్టించే ప్రోటీన్లు ఈ పోగుపై ఫైబ్రిన్ దారాలతో వల అల్లి దానిని గట్టిపరుస్తాయి.

ఈ మూడు అంచెలలో ఎక్కడ లోపం ఉన్నా రక్తం ఆగడం ఆలస్యమవుతుంది. లోపం తీవ్రంగా ఉంటే శైశవంలోనే బయటపడుతుంది. స్వల్పంగా ఉంటే ఏండ్ల తరబడి మరుగున పడి ఉంటుంది. ముక్కు నుండి తరచుగా రక్తం కారడం, పండ్లు తోముకునేటప్పుడు చిగుళ్ళు నెత్తురోడడం, చిన్న దెబ్బకే చర్మం కమిలి నల్లని మచ్చలు ఏర్పడడం, పన్ను పీకించుకున్న తరువాత గంటల తరబడి రక్తం ఆగకపోవడం, స్త్రీలలో ఋతుస్రావం ఏడు రోజులకు మించి సాగడం ఇటువంటి లోపాలకు సూచనలు. విడివిడిగా చూసినప్పుడు వీటిలో ఏ ఒక్కటీ పెద్ద వ్యాధిగా కనిపించదు. "వేడి చేసిందిలే" అని ఇంటివారు మజ్జిగ తాగిస్తారు. అంతటితో ఆ విషయాన్ని మరచిపోతారు.

కళాశాలలో చదివే ఒక విద్యార్థినిని ఊహించుకోవచ్చు. నెలకు ఏడెనిమిది రోజులు ఆమెకు అధిక రక్తస్రావం జరుగుతుంది. ఆ రోజులలో ఆమె తరగతికి వెళ్ళలేదు. మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. ముఖం పాలిపోతుంది. తల్లితో చెప్పుకుంటే "మన ఇంటి ఆడవాళ్ళందరికీ ఇంతేనమ్మా, మీ అమ్మమ్మ కూడా ఇలాగే బాధపడేది" అని ఓదారుస్తుంది. తల్లి ఓదార్పుగా చెప్పిన ఆ మాటే వైద్యునికి అత్యంత విలువైన ఆధారం. తరతరాలుగా ఒకే లక్షణం కనిపిస్తున్నదంటే అది ఆ ఇంటి ఆడవారి సహజ స్వభావం కాకపోవచ్చు. అది వంశపారంపర్యంగా సంక్రమించిన లోపం కావచ్చు. ఆస్పత్రికి వెళితే రక్తహీనత ఉన్నదని ఇనుము మాత్రలు ఇస్తారు. ఫలకికలను లెక్కిస్తే రెండు లక్షల యాభై వేలు ఉంటాయి. అంతా సవ్యంగానే ఉన్నదని చెప్పి పంపుతారు. రక్తం పోతున్న కారణాన్ని వెదకకుండా ఇనుము మాత్రలు మాత్రమే ఇవ్వడం చిల్లుకుండలో నీరు పోయడమే అవుతుంది. ఆమెకు రేపు శస్త్రచికిత్స అవసరం కావచ్చు. కాన్పు సమయం రావచ్చు. ఆనాడు ఈ స్వల్పలోపమే ప్రాణాపాయంగా పరిణమించవచ్చు.

కాబట్టి పరీక్షలన్నింటికంటె ముందు చేయవలసినది ప్రశ్నించడం. గతంలో ఎన్నిసార్లు రక్తస్రావం జరిగింది, ఎంతసేపు సాగింది, చికిత్స అవసరమైందా, రక్తం ఎక్కించవలసి వచ్చిందా, రక్తసంబంధీకులలో ఎవరికైనా ఇటువంటి బాధ ఉన్నదా అని వైద్యుడు ఓపికగా అడిగి తెలుసుకోవాలి. ఈ సమాధానాలను అంకెలలోకి మార్చే పద్ధతిని అంతర్జాతీయ నిపుణులు 2010లో రూపొందించారు. ప్రతి లక్షణానికి తీవ్రతను బట్టి సున్న నుండి నాలుగు వరకు మార్కులు వేస్తారు. మొత్తం పురుషులలో నాలుగు, స్త్రీలలో ఆరు, పిల్లలలో మూడు లేక అంతకు మించితే తదుపరి పరీక్షలు అవసరమని భావిస్తారు. తెలుగునాట తల్లిదండ్రులు మేనరికపు వివాహం చేసుకున్నారా అన్న ప్రశ్నకు కూడా ప్రాధాన్యం ఉంది. గ్లాంజ్‌మన్ వర్ణించిన వ్యాధి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున రెండు లోపజన్యువులు సంక్రమించినప్పుడే బయటపడుతుంది. రక్తసంబంధీకుల మధ్య వివాహాలు జరిగే సమాజాలలో ఈ అవకాశం అధికం. మేనరికం చేసుకున్న వారందరి సంతానానికీ ఈ వ్యాధి వస్తుందని దీని అర్థం కాదు.

తరువాత ప్రాథమిక పరీక్షలు చేస్తారు. రక్తకణాలను లెక్కిస్తారు. రక్తపు చుక్కను గాజుపలకపై పూతగా పరచి సూక్ష్మదర్శినితో చూస్తారు. యంత్రం ఎంత ఆధునికమైనదైనా ఈ పరిశీలనకు ప్రత్యామ్నాయం లేదు. బెర్నార్డ్, సూలియే వర్ణించిన వ్యాధిలో ఫలకికలు చాలా పెద్దవి కావడం వల్ల యంత్రం వాటిని వేరే కణాలుగా పొరబడవచ్చు. కంటితో చూసినవారికి ఆ పొరపాటు తెలుస్తుంది. వీటితో పాటు ప్లాస్మాలోని గడ్డకట్టించే ప్రోటీన్లను, వాన్ విల్లిబ్రాండ్ ప్రోటీన్‌ను కొలుస్తారు.

ఫలకికల పనితీరును కొలవాలన్న తొలి ప్రయత్నాలలో ఒకటి 1910లో జరిగింది. అమెరికా వైద్యుడు విలియం డ్యూక్ చెవితమ్మెపై చిన్న గాటు పెట్టి, అర నిమిషానికొకసారి రక్తాన్ని అద్దుడు కాగితంతో అద్ది, అది ఆగడానికి పట్టిన సమయాన్ని లెక్కించారు. 1941లో ఐవీ అనే శాస్త్రవేత్త ఈ పరీక్షను ముంజేతికి మార్చారు. రక్తపోటు కొలిచే పట్టీని దండచేతికి కట్టి, ఒత్తిడిని నలభై మిల్లీమీటర్ల వద్ద నిలిపి గాటు పెట్టేవారు. ఈ పరీక్షకు యంత్రాలు అక్కరలేదు. అందువల్ల అనేక దశాబ్దాల పాటు శస్త్రచికిత్సకు ముందు దీనిని ఆనవాయితీగా చేశారు. అయితే గాటు లోతు, చర్మపు మందం, పరీక్ష చేసేవారి నేర్పు మొదలైన వాటిని బట్టి ఫలితం మారుతుంది. శస్త్రచికిత్సలో ఎవరికి రక్తస్రావం జరుగుతుందో ఈ పరీక్ష ముందుగా చెప్పలేదని కూడా తేలింది. అందువల్ల ప్రామాణిక ప్రయోగశాలలు దీనిని చాలావరకు విడిచిపెట్టాయి.

అసలైన మార్పు 1962లో వచ్చింది. దానికి కారకుడు లండన్‌లో పరిశోధన చేస్తున్న గుస్తావ్ బోర్న్. ఆయన నోబెల్ పురస్కారం పొందిన భౌతికశాస్త్రవేత్త మాక్స్ బోర్న్ కుమారుడు. 1921లో జర్మనీలో జన్మించారు. నాజీల పాలన రావడంతో 1933లో కుటుంబంతో సహా స్వదేశాన్ని వీడారు. రెండవ ప్రపంచ యుద్ధం ముగిసిన తరువాత బ్రిటిష్ సైన్యంలో వైద్యుడిగా జపాన్ వెళ్ళారు. హిరోషిమాలో అణుబాంబు వికిరణానికి గురైనవారు ఫలకికలు నశించి రక్తస్రావానికి లోనవడం చూశారు. ఫలకికలపై ఆయనకు కలిగిన ఆసక్తికి ఆ దృశ్యం ఒక కారణమైంది. ఫలకికలు ఏడీపీ తగిలినప్పుడు గుమిగూడతాయని అప్పటికే తెలిసింది. ఆ గుమిగూడడాన్ని కొలిచేదెలా అన్నదే సమస్య. బోర్న్ దానికి కాంతిని సాధనంగా చేసుకున్నారు.

ఆయన ఆలోచన ఎంతో సులభమైనది. పూర్వం పల్లెలలో బురదనీటిని తేటపరచడానికి ఇండుపగింజను అరగదీసి కలిపేవారు. నీటిలో చెదరి ఉన్న మట్టి రేణువులు ఒకదానితో ఒకటి చేరి ముద్దలై, మధ్యనున్న నీరు తేటపడేది. ఫలకికలు నిండిన ప్లాస్మా కూడా బురదనీటివలె మసకగా ఉంటుంది. దాని గుండా కాంతి సరిగా ప్రసరించదు. ఏడీపీ వంటి ప్రేరకాన్ని కలిపితే ఫలకికలు ముద్దలుగా చేరుతాయి. ప్లాస్మా తేటపడుతుంది. కాంతి ఎక్కువగా ప్రసరిస్తుంది. కాంతి ఎంత పెరిగితే ఫలకికలు అంతగా గుమిగూడాయని అర్థం. ఈ సూత్రంపై పనిచేసే పరికరమే అగ్రిగోమీటర్. నేటికీ ఫలకికల పనితీరును పరీక్షించడానికి ఇదే ప్రమాణంగా నిలిచి ఉంది.

పరీక్ష జరిగే తీరు ఈ విధంగా ఉంటుంది. సేకరించిన రక్తం గడ్డకట్టకుండా తొమ్మిది పాళ్ళ రక్తానికి ఒక పాలు చొప్పున సోడియం సిట్రేట్ ద్రావణాన్ని కలుపుతారు. దానిని అపకేంద్ర యంత్రంలో నెమ్మదిగా తిప్పుతారు. బరువైన ఎర్రకణాలు అడుగుకు చేరుతాయి. తేలికైన ఫలకికలు పైనున్న ప్లాస్మాలోనే ఉండిపోతాయి. ఈ ప్లాస్మాను వేరుచేసి, మిగిలిన దానిని మరింత వేగంగా తిప్పితే ఫలకికలు లేని తేట ప్లాస్మా లభిస్తుంది. మొదటి దాని గుండా ప్రసరించే కాంతిని సున్నగాను, రెండవ దాని గుండా ప్రసరించే కాంతిని నూరుగాను నిర్ణయిస్తారు. ఫలకికలున్న ప్లాస్మాను చిన్న గాజుగొట్టంలో పోసి, దేహోష్ణత అయిన 37 డిగ్రీల వద్ద ఉంచి, సన్నని లోహపు ముక్కతో నిరంతరం కలియబెడుతూ ప్రేరకాన్ని చేరుస్తారు. క్షణక్షణానికి పెరిగే కాంతిని యంత్రం ఒక వక్రరేఖగా గీస్తుంది.

ఒక్క ప్రేరకంతో పరీక్ష ముగియదు. ఏడీపీ, కొల్లాజెన్, ఎడ్రినలిన్, అరాకిడోనిక్ ఆమ్లం, రిస్టోసెటిన్ అనే ప్రేరకాలను వేర్వేరు గొట్టాలలో కలిపి చూస్తారు. ఒక్కొక్క ప్రేరకం ఫలకిక యొక్క ఒక్కొక్క ద్వారాన్ని తట్టుతుంది. ఏ ద్వారం తెరుచుకున్నది, ఏది తెరుచుకోలేదు అన్నదానిని బట్టి లోపం ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. వీటిలో రిస్టోసెటిన్ చరిత్ర విచిత్రమైనది. అది మొదట సూక్ష్మజీవులను సంహరించే ఔషధంగా వాడుకలోకి వచ్చింది. రోగుల రక్తంలో ఫలకికల సంఖ్య పడిపోతుండడంతో దానిని ఉపసంహరించారు. వాన్ విల్లిబ్రాండ్ ప్రోటీన్ సహాయంతో ఫలకికలను గుమిగూడేటట్లు చేయడం దాని లక్షణం. 1971లో హోవర్డ్, ఫిర్కిన్ అనే శాస్త్రవేత్తలు ఈ దోషాన్నే గుణంగా మలచి పరీక్షాసాధనంగా ఉపయోగించారు. మందుగా పనికిరానిది రోగనిర్ణయానికి పనికివచ్చింది.

గ్లాంజ్‌మన్ వర్ణించిన వ్యాధిలో ఒక్క రిస్టోసెటిన్‌కు తప్ప మిగిలిన ప్రేరకాలకు వేటికీ ఫలకికలు స్పందించవు. బెర్నార్డ్, సూలియే వ్యాధిలో దీనికి విరుద్ధంగా రిస్టోసెటిన్‌కు మాత్రమే స్పందన ఉండదు. తీవ్రమైన వాన్ విల్లిబ్రాండ్ వ్యాధిలోను ఇదే స్థితి. అయితే ఆరోగ్యవంతుని ప్లాస్మాను కొంచెం చేర్చి చూస్తే ఈ రెండింటికీ గల భేదం వెల్లడవుతుంది. కొరవడిన ప్రోటీన్ అందినందువల్ల వాన్ విల్లిబ్రాండ్ వ్యాధిలో స్పందన తిరిగి వస్తుంది. లోపం ఫలకికలోనే ఉన్నందువల్ల బెర్నార్డ్, సూలియే వ్యాధిలో రాదు. తిత్తులలో నిల్వ ఉండవలసిన పదార్థాలు కొరవడితే వక్రరేఖ మొదట లేచి, తరువాత నిలదొక్కుకోలేక వాలిపోవచ్చు. అరాకిడోనిక్ ఆమ్లానికి స్పందన లేకపోతే థ్రాంబాక్సేన్ తయారీలో లోపం ఉన్నట్లు, లేదా రోగి ఆస్పిరిన్ మాత్ర మింగినట్లు భావించాలి.

ఆస్పిరిన్ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవలసినది. ఈ మాత్ర నొప్పిని తగ్గించే విధానాన్ని 1971లో జాన్ వేన్ వివరించారు. ఆ పరిశోధనకు 1982లో నోబెల్ పురస్కారంలో భాగం పొందారు. ఆస్పిరిన్ ఫలకికలోని ఒక ఎంజైమును శాశ్వతంగా స్తంభింపజేస్తుంది. కేంద్రకం లేని ఫలకిక ఆ ఎంజైమును తిరిగి తయారుచేసుకోలేదు. కాబట్టి ఆ ఫలకిక జీవించినంతకాలం ఆ లోపం నిలిచి ఉంటుంది. తలనొప్పికి మందుల దుకాణంలో అడిగి కొన్న ఒక్క మాత్ర వారం పది రోజుల పాటు పరీక్ష ఫలితాన్ని తారుమారు చేయగలదు. ఇతర నొప్పి మాత్రలలో కూడా కొన్ని తాత్కాలికంగా ఇదే పని చేస్తాయి. అందువల్ల పరీక్షకు ముందు రెండు వారాలలో వాడిన ప్రతి మందును వైద్యునికి తెలపాలి. గుండెజబ్బుకు వైద్యుడు వ్రాసి ఇచ్చిన ఆస్పిరిన్‌ను మాత్రం ఎవరూ సొంత నిర్ణయంతో మానుకోరాదు.

ఈ పరీక్ష మిక్కిలి సున్నితమైనది. కొవ్వుపదార్థాలు తిన్న తరువాత ప్లాస్మా పాలవలె తెల్లబడి కాంతిని అడ్డుకుంటుంది. కాబట్టి పరగడుపున రక్తం ఇవ్వడం మంచిది. రక్తాన్ని ఒడుపుగా తీయాలి. సూది నరంలో తడుములాడితే ఫలకికలు గొట్టంలోనే మేల్కొంటాయి. తీసిన రక్తాన్ని మంచుపెట్టెలో ఉంచరాదు. చల్లదనం కూడా ఫలకికలను మేల్కొలుపుతుంది. నాలుగు గంటలలోగా పరీక్ష పూర్తి కావాలి. చాలా రక్తపరీక్షలకు నమూనాను ఊరి నుండి నగరానికి పంపవచ్చు. ఈ పరీక్షకు అది చెల్లదు. నమూనాకు బదులు రోగియే ప్రయాణం చేయాలి. అగ్రిగోమీటరు, దానిని నడపగల నిపుణులు ఉన్న ప్రయోగశాలలు పెద్ద బోధనాసుపత్రులలోను, ప్రత్యేక కేంద్రాలలోను మాత్రమే ఉంటాయి. మారుమూల పల్లెలోని బాలికకు ఇది చిన్న అవరోధం కాదు. అందువల్లనే ఎవరిని అక్కడికి పంపాలో నిర్ణయించగలిగేటట్లు స్థానిక వైద్యుడు శ్రద్ధగా ప్రశ్నించడం మరింత అవసరమవుతుంది.

అగ్రిగోమీటరుకు తోడుగా ఇతర పద్ధతులు కూడా వచ్చాయి. 1990వ దశకంలో వచ్చిన ఒక యంత్రంలో కొల్లాజెన్ పూసిన పొరకు సన్నని రంధ్రం ఉంటుంది. దాని గుండా రక్తాన్ని లాగినప్పుడు ఫలకికలు ఆ రంధ్రాన్ని మూసివేయడానికి పట్టే సమయాన్ని యంత్రం కొలుస్తుంది. ఇది త్వరగా ముగుస్తుంది గాని స్వల్పలోపాలను కొన్నిసార్లు పసిగట్టలేదు. ఫలకికల తిత్తుల నుండి వెలువడే పదార్థాన్ని కొలవడానికి మిణుగురు పురుగులో వెలుగును పుట్టించే రసాయనాలనే ఉపయోగిస్తారు. తిత్తులు నిండుగా ఉంటే వెలుగు ఎక్కువగా కనిపిస్తుంది. ఫ్లో సైటోమెట్రీ అనే పద్ధతిలో ఫలకికల ఉపరితలంపై ఉండవలసిన గ్రాహకాలు ఉన్నాయో లేవో లేజర్ కాంతితో చూస్తారు. దీనికి కొద్ది రక్తం చాలు. కాబట్టి పసిపిల్లలకు ఇది అనుకూలం. జన్యువులను చదివే విధానం కూడా నేడు అందుబాటులోకి వచ్చింది.

ఇన్ని పరీక్షలున్నా వాటి పరిమితులను మరువరాదు. ఒక్కసారి లోపం కనిపించినంత మాత్రాన నిర్ణయానికి రాకూడదు. మరొక రోజున తిరిగి పరీక్షించాలి. ఎడ్రినలిన్‌కు సరిగా స్పందించని ఫలకికలు ఆరోగ్యవంతులలో కూడా కొందరికి ఉంటాయి. మూత్రపిండాల వ్యాధి వంటి కారణాల వల్ల పుట్టుకతో లేని లోపం నడుమ రావచ్చు. దీనికి మరొక వైపు కూడా ఉంది. అన్ని పరీక్షలూ సవ్యంగా వచ్చినప్పటికీ రక్తస్రావంతో బాధపడేవారు ఉన్నారు. పరీక్షలకు అందని కారణం ఉన్నదని మాత్రమే దాని అర్థం. రోగి చెప్పినది అబద్ధమని కాదు. అటువంటి వారిని కూడా శస్త్రచికిత్స సమయంలో రక్తస్రావ లక్షణం కలవారిగానే భావించి జాగ్రత్తలు తీసుకోవాలి.

రోగం పేరు తెలిసినందువల్ల కలిగే ప్రయోజనం ఏమిటని ఎవరైనా అడగవచ్చు. పేరు తెలిస్తే దారి తెలుస్తుంది. జపాన్‌కు చెందిన ఉతాకో ఒకమోతో, షోసుకే ఒకమోతో దంపతులు 1962లో ట్రానెక్సామిక్ ఆమ్లం అనే మందును లోకానికి అందించారు. అది ఏర్పడిన గడ్డ కరిగిపోకుండా కాపాడుతుంది. అధిక ఋతుస్రావానికి, పన్ను పీకించుకున్నప్పటి రక్తస్రావానికి అది ఎంతో ఉపకరిస్తుంది. డెస్మోప్రెసిన్ అనే మందు నాళపు గోడలలో నిల్వ ఉన్న వాన్ విల్లిబ్రాండ్ ప్రోటీన్‌ను రక్తంలోకి విడుదల చేయిస్తుంది. 1977లో ఇటలీ వైద్యులు దీనిని రక్తస్రావ వ్యాధులలో విజయవంతంగా ఉపయోగించారు. అవసరమైతే దాతల ఫలకికలను ఎక్కిస్తారు. ఏ మందు ఎవరికి తగునో వైద్యుడే నిర్ణయించాలి. ఏ మాత్రలు వాడకూడదో రోగికి తెలుస్తుంది. కాన్పుకు, శస్త్రచికిత్సకు ముందుగానే ఏర్పాట్లు జరుగుతాయి. ఆలాండ్ బాలిక కాలంలో ఈ సాధనాలు ఏవీ లేవు. నేడు అవన్నీ ఉన్నాయి. వాటిని అందుకోవడానికి కావలసినది సకాలంలో గుర్తించడం.

ఇంట్లో ఎవరికైనా తరచుగా ముక్కు నుండి రక్తం కారుతున్నా, శరీరం అకారణంగా కములుతున్నా, ఋతుస్రావం చదువుకు, పనికి ఆటంకమవుతున్నా దానిని విధివ్రాతగా భావించి మౌనంగా భరించరాదు. సిగ్గుపడవలసినది అంతకన్న కాదు. ఆ విషయాన్ని పెద్దలతోను, వైద్యునితోను నిస్సంకోచంగా చెప్పాలి. తమ కుటుంబంలో ఇటువంటి బాధలు పడినవారి వివరాలను గుర్తుంచుకొని తెలపాలి. ఫలకికల లెక్క సరిగా ఉన్నదన్న ఒక్క మాటతో తృప్తిపడక, అవి చేయవలసిన పని చేస్తున్నాయా అని విచారించాలి. రాశి కంటె వాసి మేలని పెద్దలు చెప్పిన మాట మనుషులకే గాక, మనుషుల రక్తంలో ప్రవహించే అణుమాత్రపు ఫలకికలకు కూడా వర్తిస్తుంది.